యతిస్థానం

ఫోనుని పప్పుల డబ్బాకి ఆనించి
తొమ్మిదింటికి గొంతు సవరించుకుంటాను.
పట్టీలో నలభై రెండు పేర్లు,
తెరమీద ఏడు గళ్లు.
అందులో ఒకటి ఫ్యాను, ఒకటి ఎవరిదో మోకాలు.
లఘువంటే ఒక చిటిక, గురువంటే రెండు అని
నేనిక్కడ వేసిన చిటిక
పెదజాలారిపేట చేరేసరికి మూడవుతుంది,
ఒక్కోసారి అసలు చేరదు.
ఉత్పలమాలకి పదో అక్షరం దగ్గర కదా యతి,
మా నెట్‌వర్కు మాత్రం తనకి తోచినచోట ఆగుతుంది.

"టీచర్, మీరు బిగిసిపోనారు"
అంటాడు మోకాలు తాలూకు కుర్రాడు.
నోరు తెరిచి ఆగిపోయిన నా బొమ్మని చూస్తూ
వాళ్లెంతసేపు నవ్వుకున్నారో.

గనగళ్ల నూకరత్నం ఏ గడిలోనూ లేదు.
ఇంటికొక్కటే ఫోను.
అది అన్న కోదండం జేబులో హార్బరుకి పోతుంది,
ఐసు పెట్టెల మధ్య తడుస్తుంది,
ఏ రాత్రికో ఛార్జింగు లేకుండా ఇల్లు చేరుతుంది.
మొన్న మార్చి దాకా కోదండమూ నా క్లాసే,
పదో తరగతి, కిటికీ పక్క బెంచీ.
ఒత్తున్న అక్షరం తను బరువెక్కదురా,
తన ముందున్నదాన్ని గురువుని చేస్తుంది,
అని వాడికి మూడుసార్లు చెప్పాను.
అర్థం కాలేదన్నాడు అప్పట్లో.

ఒక తెల్లారుజామున, మూడుంబావుకి, వాయిస్ మెసేజీ.
ముందు కెరటం, తర్వాత కుక్క, తర్వాత వాళ్ల మామ్మ:
"ఏటే గుంటా, నిద్దరోవా?"
ఆఖర్న ఆ పిల్ల గుసగుస.
"టీచరూ, నానొకటి కనిపెట్టినాను.
గురువు అన్న మాట విడగొడితే
మూడూ లఘువులే వొచ్చినాయి. నగణం.
గురువులో గురువే లేడు. తప్పా?"

తప్పు కాదమ్మా, అని కొట్టి
చెరిపి, మళ్లీ కొట్టి పంపితే
పొద్దెక్కేదాకా ఒక్క టిక్కే.
ఇరవై రెండేళ్లుగా నల్లబల్ల మీద రాస్తున్న మాట,
విడగొట్టి చూడాలని నాకెప్పుడూ తోచలేదు.

శనివారం జిరాక్సు కాగితాలు సంచిలో వేసుకుని,
మాస్కులో నా ఊపిరి నేనే పీల్చుకుంటూ
ఇసకలోకి దిగాను.
బోర్లించిన తెప్ప నీడలో చేపలు ఏరుతోంది.
దగ్గరకి రాబోయి ఆగింది, నేనూ ఆగాను.
ఆరడుగులు.
మొదటి అక్షరమూ పదో అక్షరమూ ఇలాగే నిలబడతాయి కాబోలు,
మధ్యన ఏమేం ఉన్నా మైత్రి చెడకూడదని.

"సూడండి టీచరూ" అంది.
గోనెపట్టా మీద పద్యపాదం.
కానాగంతలు గురువులు, నెత్తళ్లు లఘువులు,
ఇరవై చేపలు ఎండలో తళతళమంటూ.
పదోదాని పక్కన గవ్వ.
నేను భ ర న అనుకుంటూ లెక్కపెడుతుండగానే
కాకి వాలి
నగణంలోంచి నడిమి లఘువుని ఎత్తుకుపోయింది.

"దీని దుంపతెగ! ఛందస్సు సెడగొట్టీసింది!"
అంటూ కాకి వెనకాల లగెత్తింది పిల్ల.
వలకి మాటు వేస్తున్న మామ్మ తలెత్తకుండానే
"మీ లెక్కలేవో బేగి కానీండమ్మా, అవి ఎండేసుకోవాల" అంది.
నేను వంగి
ఆ ఖాళీలో నా చిటికెనవేలు పెట్టి
పాదమంతా పైకి చదివాను.
చాలా నెలల తర్వాత ఎక్కడా తెగలేదు.

రాత్రి ఆఫీసు ఫారం వచ్చింది.
పూర్తయిన సిలబస్ ఎంత శాతం?
గడి చాలా చిన్నది.
ఇరవైకి పంతొమ్మిది అని రాశాను, కొట్టేశాను.
పెన్ను పట్టిన చేతికి
రెండుసార్లు సబ్బు పెట్టినా
ఇంకా నీచు వాసన.